నడక దుప్పటి

ఆ వీధికి వసంతం ఎప్పుడొస్తుందో క్యాలెండర్ చెప్పదు. చెప్పినా ఎవరూ నమ్మరు. లాండ్రీ మేడ మీది కంబళి చెప్పాలి.

చలికాలంలో మందపాటి కంబళి ఉతికి ఆరేస్తే అది ఒక పట్టాన ఆరదు. పొద్దున తీగ మీద వేసింది సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది. మర్నాడు మళ్ళీ వేయాలి, ఆ మర్నాడు మళ్ళీ. అలాంటి కంబళి ఒకనాడు, పొద్దున వేస్తే భోజనాల వేళకల్లా పొడిపొడిగా చేతికొస్తుంది. ఇంకేం, వసంతం వచ్చినట్టే. ఆ వచ్చే ఆదివారం వీధి వీధంతా దుకాణాలు మూసేసి, ఊరి చివరి దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణించి పొలాల గట్ల మీదుగా వాగు దాకా నడిచి, అక్కడే తిని, పాడి, కాళ్ళనిండా బురదతో ఇల్లు చేరాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారని అడిగితే అందరూ లాండ్రీ అత్తగారి వైపు చూపిస్తారు. ఆవిడనడిగితే, "ఎవరు పెట్టడమేమిటి, చలికి విసుగెత్తి ఒకసారి వెళ్ళాం, అదే అలవాటైంది" అంటుంది.

కంబళి ఆరిందో లేదో తేల్చి చెప్పే అధికారం మాత్రం ఆ ఇంటి కోడలిది. వీధిలో అందరూ ఆమెను మరకల వదిన అంటారు. చిన్నా పెద్దా తేడా లేదు, ఆమె కంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడైన సెలూన్ బాబాయి కూడా వదినా అనే పిలుస్తాడు. మరకల సంగతి చెప్పాలంటే, చిన్నప్పుడు ఆమె మహా అల్లరిది. గోడలెక్కి, చెట్లెక్కి గౌనంతా మాపుకొచ్చేది. తల్లి కంట పడితే వీపు విమానం మోతే. అందుకని తల్లి చూడకముందే మరకలు పోగొట్టుకోవడం నేర్చుకుంది. తిట్లు తప్పించుకోవడానికి నేర్చిన విద్య చివరికి బతుకుతెరువైంది. ఇప్పుడు మరక కనిపిస్తే ఆమె చేతులు ఊరుకోవు. ఎవరింటికో భోజనానికి వెళ్ళి, బల్ల మీది గుడ్డకున్న టీ మరక చూసి ముద్ద దిగక, గిన్నెలన్నీ పక్కన పెట్టించి, గుడ్డ చుట్టి చంకన పెట్టుకొచ్చిన మనిషి.

అలాంటి మనిషికి చలికాలమంటే పడదంటే వింతేముంది? చన్నీళ్ళకు వేళ్ళు పగులుతాయి. కిటికీలు మూసిన గదిలో బాయిలరు ఆవిరికి ఊపిరాడదు. చలికాలం చివరికొచ్చేసరికి ఆమెకు కాలు ఒకచోట నిలవదు. గంటకోసారి మేడెక్కడం, కంబళి పిండి చూడడం, దిగడం. కింద వీధిలో బేకరీ పిన్ని మెడ ఎత్తి, "ఏమ్మా, ఆరిందా?" అని అడగడం. "ఎక్కడ పిన్నీ, ఇంకా కారుతోంది" అని ఈమె మేడ మీంచి అరవడం. వారం రోజులుగా ఇదే తంతు.

ఈ ఏడు ఆ తొందరకు ఇంకో కారణముంది. అత్తగారికి చలికాలం మొదట్లోనే ఛాతీలో నెమ్ము చేరింది. మంచం దిగి గుమ్మం దాటలేదు. మందు మింగమంటే మింగింది, కషాయం తాగమంటే తాగింది, ఎన్నడూ ఎవరి మాటా వినని మనిషి అన్నీ విన్నది. ఎందుకంటే ఆవిడకు ఒకే ఒక్క కోరిక ఉంది. "ఏడాదికోసారి ఆయన పక్కన కూర్చుని తింటాను. అదొక్కటి తప్పించకండి నాకు" అనేది.

ఆయనంటే పోయిన మామగారు. ఆయన పక్కన అంటే నడక దుప్పటి మీద. అదొక తెల్లటి పెద్ద దుప్పటి. వాగు గట్టున దాన్ని పరిచి అందరూ దాని మీదే కూర్చుంటారు. మొట్టమొదటి నడకలో మామగారు గట్టు మీద కాలు జారి, ఎర్రమట్టిలో చెయ్యానించి, ఆ చెయ్యి తీసుకొచ్చి తెల్లటి దుప్పటి మీద పెట్టి లేచాడట. కొత్త దుప్పటి పాడు చేశావని అత్తగారు వాగు అవతలికి వినిపించేలా తిట్టిందట. మర్నాడు ఉతకబోతే ఆయనే అడ్డుపడి, "ఉండనీవే, లాండ్రీ వాళ్ళింట్లో ఒక్క మరకైనా లేకపోతే ఎట్లా" అన్నాడట. ఆ మాట మీద దుప్పటికి నీళ్ళు తగలనివ్వలేదు. ఏటేటా కొత్త మరకలు చేరాయి. సెలూన్ బాబాయి టీ కప్పు గుండ్రం, బేకరీ పిన్ని జామ్ చుక్కలు, ఎవరెవరి పిల్లలవో గడ్డి పసర్లు. ఎవరి మరక ఎక్కడుందో వాళ్ళు అక్కడే వెతుక్కుని కూర్చుంటారు. అన్నిటి మధ్యా ఆ ఎర్ర చెయ్యి. దాని పక్క చోటు అత్తగారిది.

వదిన కాపురానికి వచ్చిన ఏడాది, ఎవరూ చూడకుండా ఆ గుర్తు మీద తన చెయ్యి పెట్టి చూసుకుంది. అచ్చంగా సరిపోయింది. చూడని మామగారి చెయ్యీ తన చెయ్యీ ఒకటే కొలతని మురిసిపోయి భర్తకు చెప్తే, ఇస్త్రీ పెట్టె మీంచి తలెత్తకుండానే, "బట్ట ముడుచుకుపోయి ఉంటుందిలే" అన్నాడు. బాయిలరు వెనక మేకుకు మామగారి రబ్బరు గ్లౌజులు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. వదిన వాటిని ఒకసారి తొడుక్కోబోతే మోచేతుల దాకా వచ్చి, వేళ్ళ దగ్గర ఖాళీగా ఊగాయి. ఆ సంగతీ ఈ సంగతీ కలిపి చూడాలని ఆమెకు తోచలేదు.

బుధవారం నాడు కంబళి ఆరింది.

భోజనానికి కూర్చోబోతూ ఎందుకైనా మంచిదని మేడెక్కిన వదిన, కంబళి చేత్తో పట్టుకుని నమ్మలేక, చెంపకు ఆనించుకుంది. వెచ్చగా, పొడిగా, ఎండ వాసన వేస్తోంది. పిట్టగోడ దగ్గరికి పరుగెత్తి, "ఆరిందోయ్" అని ఒక్క కేక పెట్టింది. అంతే, వీధిలో కిటికీలు టపటపా తెరుచుకున్నాయి. సెలూన్ బాబాయి సగం గీసిన గడ్డాన్ని కుర్చీలోనే వదిలేసి బయటికొచ్చాడు. బేకరీ పిన్ని పిండి చేతులతోనే చప్పట్లు కొట్టింది. కింది గదిలోంచి అత్తగారు, "నా చెప్పులెక్కడ" అని అడగడం మేడ మీదికి వినిపించింది.

ఇక ఆ మధ్యాహ్నం నుంచి లాండ్రీలో కాలు పెట్టే చోటు లేదు. కంబళి ఆరిన రోజు ఇళ్ళల్లో ఉన్న చలికోట్లు, రగ్గులు, మందపాటి కర్టెన్లు అన్నీ మూటలు కట్టి తెచ్చి పడేయడం ఆనవాయితీ. వదినకు ఆ సందడే పండగ. కొంగలా ఒంటికాలి మీద నిలబడైనా సరే, ఒక చేత్తో మూట విప్పుతూ ఇంకో చేత్తో నురగ కలుపుతుంది. నోట్లో పాట. మధ్యమధ్య మేడెక్కి ఆరినవి చుట్టబెట్టుకుని రావడం.

అదిగో, ఆ చుట్టబెట్టుకు రావడంలోనే జరిగింది. ఏడాదిగా పెట్టెలో మగ్గిన నడక దుప్పటికి కాస్త ఎండ తగలాలని అత్తగారు కొడుకు చేత మేడ మీద వేయించింది. కోడలికి చెప్పమని ఆవిడ చెప్పింది, ఆయన మరిచిపోయాడు. వదిన ఖాతాదార్ల దుప్పట్లతో పాటు దాన్నీ చంకన పెట్టుకుని దిగిపోయింది. అయితే ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న దుప్పటిని గుర్తుపట్టలేదా అంటే, పట్టలేదు. ఏటా దాన్ని పచ్చగడ్డి మీద పరిచి చూడడమే గాని మడతల్లో, కుప్పలో ఎన్నడు చూసింది? ఆమె కంటికి మరకలు తప్ప బట్ట ఆనలేదు. "ఎవరింటిదో గాని ఆ ఇల్లాలికి ఒక దండం" అని తిట్టుకుంటూ కొంగు బిగించింది. టీ మరకకు ఒక మందు, పసరుకు ఇంకోటి. అన్నిటికన్నా మొండిది మధ్యలో, మడతల్లో నలిగి ఆకారం తెలియని ఎర్రమట్టి మరక. నిమ్మ ఉప్పు వేసి నానబెట్టింది, జాడించింది, మళ్ళీ నానబెట్టింది, ఎండలో పరిచింది. శుక్రవారానికి అది పాలలా తెల్లగా తేలింది. జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ ఉతకలేదని తనను తానే మెచ్చుకుంది కూడా.

శనివారం సాయంత్రం ఇస్త్రీ చేస్తుంటే మూలన నీలం దారంతో వేసిన కుట్టు కనిపించింది. అత్తగారి చేతి కుట్టు.

పెట్టె పక్కన పెట్టి దుప్పటిని ఈ చివర నుంచి ఆ చివర దాకా విప్పింది. ఒక్క మరక లేదు. వెలుతురుకు ఎత్తి చూసింది, వెనక్కి తిప్పి చూసింది. ఆనవాలు కూడా మిగల్లేదు. తన పనితనం మీద తనకే అసహ్యం వేసింది.

"ఏమండీ" అంది నీరసంగా, "కొంప మునిగింది."

ఆయన వచ్చి చూశాడు. తప్పులో సగం తనదని తెలిసి చెవి గోక్కున్నాడు. గొంతు తగ్గించి, "నీ చెయ్యి సరిగ్గా సరిపోతుందని నువ్వే అన్నావుగా" అన్నాడు. "పూలకుండీలో ఎర్రమట్టే ఉంది. తడిపి ఒక్కటి అద్దెయ్. అమ్మకు ఎలాగూ చూపు ఆనడం లేదు."

మాట బాగానే ఉంది. వదిన మట్టి తెచ్చింది, తడిపింది, అరచేతికి పూసుకుంది. దుప్పటికి జానెడు ఎత్తున చెయ్యి ఆగిపోయింది. రేపు అత్తగారు ఆయన పక్కన అనుకుంటూ కూర్చుని తినేది తన చెయ్యి పక్కనా? చలికాలమంతా ఆ ఒక్క పూట కోసం చేదు కషాయం తాగిన మనిషికి ఇదా తాను చేసే మర్యాద? ఆమెకు ఏడుపొచ్చింది.

"నా వల్ల కాదు. రేపు చెప్పేస్తాను" అంది చెయ్యి కడుక్కుంటూ.

"చెప్తే నడకే మానేస్తుంది."

"అందుకే, అక్కడికి వెళ్ళాక చెప్తాను."

ఆదివారం పొద్దున వీధి చూడాలి. కొత్త టోపీలేమిటి, బుట్టలేమిటి, ఒకరి బుట్టలోకి ఒకరు తొంగి చూడడమేమిటి. అత్తగారు అందరికంటే ముందే తయారై, చేతికర్రతో గుమ్మంలో నిలబడింది. నాలుగు నెలల తర్వాత ముఖానికి ఎండ తగిలి కళ్ళు చికిలించుకుంటూ, "ఇంకా ఎంతసేపర్రా, వసంతం వచ్చి వెళ్ళిపోయేట్టుంది" అంది.

బస్సు దిగగానే గాలి మారింది. గట్ల మీద లేత గడ్డి, దాని మధ్య పేరు తెలియని చిన్న చిన్న పసుపు పూలు. పోయిన వారం దాకా ఎండుకట్టెల్లా ఉన్న చెట్లకు చిగుళ్ళు. పిల్లలు ముందు పరుగెత్తి వెళ్ళి, "ఇక్కడ పూసింది, ఇక్కడ కూడా పూసింది" అని అరుస్తున్నారు. పెద్దవాళ్ళు తామేమీ తక్కువ తినలేదన్నట్టు వాళ్ళ వెంట పడ్డారు. బేకరీ పిన్ని ఆయాసపడుతూనే పాటెత్తుకుంది. సెలూన్ బాబాయి శ్రుతి కలపబోతే, "మీరు కత్తెర్లు ఆడించుకోండి, గొంతు వద్దు" అంది. అత్తగారు ప్రతి మలుపులో ఆగి ఊపిరి తీసుకుని, "బాగున్నాను, పదండి" అనడమే గాని వెనక్కి తిరిగింది లేదు.

వదినకు మాత్రం ముందు నుయ్యి, వెనక గొయ్యి. గాలి తగిలితే పరుగెత్తాలనిపిస్తోంది, చంకలోని మూట గుర్తొస్తే కాళ్ళు బరువెక్కుతున్నాయి. దారిలో రెండుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి అత్తగారు ఏదో పిట్టను చూపించింది. రెండోసారి కోడలి భుజం పట్టుకుని, "నువ్వు లేకపోతే ఈ ఏడు నేను ఇక్కడి దాకా వచ్చేదాన్ని కాదే" అంది. ఆ మాట తర్వాత ఎలా చెప్తుంది?

వాగు వచ్చేసింది. నిండుగా, మెరుస్తూ పారుతోంది. అవతలి ఒడ్డున చెట్లన్నీ ఒక్కసారిగా తెల్లగా పూసి ఉన్నాయి. అందరూ ఒక్క నిమిషం మాటలు మానేశారు. ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. "దుప్పటి పరు వదినా, ఆకలి దంచేస్తోంది" అన్నాడు సెలూన్ బాబాయి.

వదిన మూట గుండెకు అదుముకుని అత్తగారిని నాలుగడుగులు పక్కకు తీసుకెళ్ళింది.

"అత్తయ్యా, విప్పకముందే ఒక మాట చెప్పాలి. ఉతికేశాను. నడక దుప్పటిని. ఎవరిదో అనుకుని. మామయ్యగారి చెయ్యి పోయింది."

అత్తగారు మూట తీసుకుంది. ఒక్కో మడతా విప్పి, మధ్యభాగం దొరికించుకుని, ఎండకు ఎత్తి పట్టుకుంది. కళ్ళ దగ్గరకు తెచ్చుకుంది, గోటితో నేత గీకి చూసింది. వదిన ఆవిడ వేళ్ళనే చూస్తూ నిలబడింది. తిడితే బాగుండు, కొట్టినా బాగుండు.

"దేంతో తీశావు?" అంది అత్తగారు.

"నిమ్మ ఉప్పు."

"ఉడకబెట్టలేదూ?"

"లేదత్తయ్యా. రెండుసార్లు నానబెట్టి ఎండలో వేశాను."

"అదీ సంగతి. నేను ఉడకబెట్టాను" అంది అత్తగారు తల ఊపుతూ. "అందుకే నాకింత తెల్లగా రాలేదు."

ఆ మాట వదిన బుర్రకెక్కడానికి కొంచెంసేపు పట్టింది.

"మీ మామయ్య పోయిన మరుసటి ఏడు" అంది అత్తగారు, దుప్పటి ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుంటూ. "కంబళి ఆరిన రోజే. దుకాణం నిండా మూటలు. కొన్ని నెలల తర్వాత ఆ రోజే నాకు మళ్ళీ చేతులాడాయి. పనిలో పడిపోయి ఏం చేస్తున్నానో చూసుకోలేదు. తెల్లగా అయ్యాక తెలిసింది. అప్పటికి దాని మీద ఆయన చెయ్యి తప్ప చెప్పుకోదగ్గ మరకల్లేవు. ఎవరికి చెప్పుకోను? పిల్లాడు చిన్నవాడు, వాడికి నాన్న గుర్తు అదొక్కటే. పొద్దున్నే ఇక్కడికి ఒక్కదాన్నే వచ్చి, ఈ మట్టే తీసి..." అని తన కుడిచెయ్యి ఎత్తి చూపించింది.

ముడతలు పడిన చిన్న చెయ్యి. వదిన దాన్ని చూసింది, తన చెయ్యి చూసుకుంది. మేకుకు వేలాడే గ్లౌజులు గుర్తొచ్చాయి. నీళ్ళు తగలని బట్ట ఎలా ముడుచుకుంటుందని, లాండ్రీ వాళ్ళై ఉండి మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఇన్నేళ్ళూ తట్టలేదు.

"మరి ఇన్నేళ్ళూ మీ చెయ్యి పక్కనే కూర్చుని తిన్నారా అత్తయ్యా?"

"చెయ్యి నాదైతేనేం. జారిపడింది ఆయనే కదా" అంది అత్తగారు. నవ్వబోయింది, దగ్గొచ్చింది, దగ్గులో కళ్ళు తడిశాయి. వదిన పక్కన కూలబడి ఆవిడ వీపు రాస్తూ తనూ ఏడ్చింది. రాత్రి నుంచీ దిగమింగుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది.

అత్తగారే ముందు తేరుకుంది. "ఇక లే" అంది. "దుప్పటి పరు. పరిచి, గట్టు దిగి జారు."

"కావాలని జారమంటారా?"

"నేను ఊరికే అద్దాను కాబట్టే ఇన్నేళ్ళు నోరు విప్పలేకపోయాను. నువ్వు నిజంగా జారు. రేపెవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఉంటుంది."

తెల్లటి దుప్పటి గడ్డి మీద పరుచుకునేసరికి అందరూ బిత్తరపోయారు. "నా గుండ్రం ఏదీ" అన్నాడు సెలూన్ బాబాయి. వదిన ఉతికేసిన సంగతి తెలిసి, వెంటనే టీ పోయించుకుని, కప్పు తడిగా తన పాత చోటనే పెట్టి, "హమ్మయ్య" అన్నాడు. బేకరీ పిన్ని జామ్ సీసా మూత విప్పింది.

వదిన చెప్పులు విప్పి గట్టు అంచున నిలబడింది. జారాలని చూస్తే జారుతుందా? పెద్దయ్యాక బట్టలు మాపుకోకూడదని బతికిన కాళ్ళు, తడి మట్టిలో గోళ్ళు దించి మరీ నిలదొక్కుకున్నాయి. పై నుంచి ఒకటే నవ్వులు. అంతలో అవతలి ఒడ్డు నుంచి గాలి వీచి, తెల్లటి పూరేకులు నీళ్ళ మీదుగా ఆమె మీదికి వచ్చి పడ్డాయి. చిన్నప్పుడు గోడ మీంచి దూకేటప్పటి హుషారు ఒక్కసారిగా కాళ్ళలోకి వచ్చింది. అన్నీ మరిచిపోయి ఆ పూల వైపు పరుగు తీసింది. రెండో అడుగులో కాలు సర్రున జారి, వెల్లకిలా పడి, చేతులు ఆనించి, నీళ్ళ అంచు దాకా వెళ్ళి ఆగింది.

వీధి వీధంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది వదినే. మోకాళ్ళ దాకా ఎర్రమట్టితో గట్టెక్కి వచ్చి దుప్పటి ముందు కూర్చుంది. చెయ్యి చాపింది గాని కింద పెట్టలేకపోయింది. జీవితంలో ఎన్ని మరకలు తీసిందో లెక్కలేదు, తెల్లటి బట్టకు తెలిసి తెలిసి ఒక్కటీ పెట్టలేదు.

"పెట్టు" అంది అత్తగారు.

కళ్ళు మూసుకుని పెట్టింది. చెయ్యి తీస్తే నడిమధ్యలో అయిదు వేళ్ళూ ఎర్రగా, స్పష్టంగా పడ్డాయి.

అత్తగారు కర్ర పక్కన పెట్టి, తన తిండి డబ్బా తెచ్చుకుని, ఎప్పట్లాగే ఆ చేతి పక్కన సర్దుకుని కూర్చుంది.